మూకుడు పెట్టని ఇల్లు

మండవల్లి,
18 అక్టోబరు 1936

ప్రభకు అక్క వీరరాఘవమ్మ దీవించి రాసేది.

ఉత్తరం మొదట్లో అందరం క్షేమమని రాయడం అలవాటు కదా. ఈసారి ఆ మాట దగ్గర కలం ఆగిపోతే, దాన్ని దాటేసి కిందనుంచి మొదలుపెట్టాను. ఏమనుకోకు. నువ్వు తాడేపల్లిగూడెం వెళ్ళిపోయాక ఇక్కడ చెప్పుకోవలసిన మార్పేమీ లేదు. కొల్లేరు నిండింది. నీళ్ళు మా దిగువ చేల గట్టు దాకా వచ్చి నిలిచాయి. గేదె ఈనింది, పెయ్యదూడ. ఇంట్లో జున్ను వండితే ఎవరూ తినలేదు, పనివాడు ఏసోబు పిల్లలకు పంపేశాను.

ప్రసూన జ్వరంలో ఉండగా కొల్లేటికోట పెద్దింటమ్మకు మొక్కుకున్నాం. ఆ మొక్కు ఇప్పుడు తీర్చాలా అక్కర్లేదా అని మీ బావగారు అడుగుతున్నారు. నాకు తెలియదన్నాను. ఏదడిగినా అదే చెబుతున్నాను. పలకరించడానికి వచ్చినవాళ్ళు నా ముఖంలోకి కాసేపు చూసి, వాళ్ళే కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోతున్నారు. కన్నకూతురు పోయి నెల తిరిగిందో లేదో, నేను మూడు పూటలా తింటున్నాను, పడుకుంటున్నాను, లేస్తున్నాను. నాలో ఏమీ కదలడం లేదు.

సరే, పనిమాట. దీపావళి వస్తోంది. వాల్తేరు కాలేజీలో ఉన్న మా నాగేశ్వరరావుకు ఎప్పటిలా పిండివంటల డబ్బా వెళ్ళాలి. వాడికి చెల్లెలి సంగతి ఇంకా తెలియదని నీకు తెలుసు. మా మామగారు పోయినప్పుడు వాడు బడి మానేసి ఎన్నాళ్ళు అరుగుమీద కూర్చున్నాడో నువ్వే చూశావు. హాస్టల్లో ఒంటరిగా ఉత్తరం చదువుకుని ఏమైపోతాడోనని మీ బావగారి భయం. డిసెంబరు పరీక్షలు రాసి సెలవులకు వస్తాడు, అప్పుడు ఎదురుగా కూర్చోబెట్టి చెబుదామంటున్నారు. సరేనన్నాను.

కానీ ఈ ఏడు మా ఇంట్లో మూకుడు పెట్టకూడదు. మనిషి పోయిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పొయ్యిమీద నూనె కాగకూడదు, చుట్టాలు తెచ్చిపెడితే తినాలి. డబ్బా మానేస్తే వాడికి అనుమానం వస్తుంది. అందుకని అరిసెలు, జంతికలు, కజ్జికాయలు నువ్వు చేసి, నేను చేసినట్టుగా పంపాలి. అచ్చం నావిలాగే ఉండాలి. వాడు నాలుక మీద పెట్టుకుంటే కనిపెట్టేసే రకం.

మీ మరిదిగారిని... చూశావా, మీ ఆయన్ని అనబోయి నా వరస నీకు అంటగట్టాను. మా మరిదిగారిని అడిగానని చెప్పు.

అక్క


తాడేపల్లిగూడెం,
23 అక్టోబరు 1936

అక్కకు ప్రభావతి నమస్కరించి రాసే సంగతులు.

నీ ఉత్తరం వంటింట్లో చదువుకున్నాను. చదివి అక్కడే కూలబడి ఏడుస్తుంటే మా అత్తగారు వచ్చి, "ఏడుపు తరవాతమ్మా, పాలు పొంగిపోతున్నాయి" అన్నారు. ఆవిడ అన్నట్టే పొంగిపోయాయి.

డబ్బా సంగతి నాకు వదిలెయ్. చేస్తాను. కానీ అక్కా, నీ చేతి అరిసెలు నన్ను చెయ్యమనడం, నాకు బి.ఎ. పరీక్ష పెట్టినట్టే. నిరుడు నేను చేసినవాటిని మీ మరిదిగారు స్టేషనుకు పట్టుకెళ్ళి, గూడ్సు ఆఫీసులో గాలికి కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకున్నానని ఊరంతా చెప్పారు. రైల్వే గుమాస్తాని చేసుకుంటే పార్సెలు పనులు సులువవుతాయి గానీ పరువు మిగలదు. అందుకని పాకం దగ్గరనుంచి అంతా వివరంగా రాయి. మన అమ్మ నీకు చేత్తో నేర్పింది. నా వంతు వచ్చేసరికి ఆవిడకు ఓపిక అయిపోయింది.

ఇంకొక మాట. చెప్పవచ్చునో లేదో తెలియదు. నాగేశ్వరరావు నాకు కార్డు రాశాడు. "పిన్నీ, అమ్మకు నామీద కోపమా? నాన్న ఉత్తరం చివర ఎప్పుడూ నాలుగు ముక్కలు రాసేది, ఈమధ్య ఒక్కటీ రాయడం లేదు" అని అడిగాడు. అమ్మకు చేలపనుల హడావుడి అని జవాబు రాశాను. అక్కా, వాడికి రెండు ముక్కలు రాయి. ఎక్కువ వద్దు. ఒంట్లో జాగ్రత్త, నూనె రాసుకో, చన్నీళ్ళు పోసుకోకు, అంతే. తల్లి చేతిరాత కనబడితే పిల్లవాడికి ధైర్యంగా ఉంటుంది.

మా అత్తగారు నిన్ను తలుచుకుని, ఏడవని మనిషికి గుండె పట్టేస్తుంది, వేణ్ణీళ్ళలో వాము మరిగించి తాగమని చెప్పమన్నారు. ఆవిడకు అన్నిటికీ వామే మందు. తాగినా తాగకపోయినా తాగానని రాయి.

నీ చెల్లెలు
ప్రభ


మండవల్లి,
28 అక్టోబరు 1936

ప్రభకు,

వాము తాగానని మీ అత్తగారికి చెప్పు.

బియ్యం ముందురోజే నానబొయ్యి. నీళ్ళు వార్చి తడిగా ఉండగానే దంచాలి, ఆరనిచ్చావా పిండి విరిగిపోతుంది. బెల్లం కొత్తది వద్దు. పాకం చిటికెడు నీళ్ళలో వేసి చూడు, వేలికి ఉండలా రావాలి గానీ రాయిలా మోగకూడదు. నువ్వు ప్రతిసారీ పొయ్యి దగ్గర కబుర్లలో పడి ముదరబెడతావు, నీ తప్పు అక్కడే ఉంది. చలిమిడి మీద తడిగుడ్డ కప్పి ఉంచు. అరిటాకు మీద కాస్త మందంగా ఒత్తు, వాడికి మెత్తగా ఉండాలి. నువ్వులు అద్దకు, పళ్ళలో ఇరుక్కుంటాయంటాడు. కజ్జికాయలు అచ్చులో నొక్కవద్దు, అంచు చేత్తో మెలిపెట్టు. జంతికల్లో కారం తక్కువ, వాము ఎక్కువ. అది చెప్పనక్కరలేదనుకుంటాను.

డబ్బా సర్దడం మాత్రం నాకు తెలియదు. అది ప్రసూన చూసుకునేది. నేను వండి పీటమీద పెట్టి దూడ దగ్గరికి వెళ్ళిపోతే, వచ్చేసరికి డబ్బాకు గుడ్డ కుట్టేసి, మీద చిరునామా రాసేసి ఉండేది. నీకు తోచినట్టు సర్దు.

వాడికి రాయమన్నావు. రెండుసార్లు కూర్చున్నాను. ఒంట్లో జాగ్రత్త అని రాయబోతే, మరి దాని ఒంట్లో జాగ్రత్త చూడలేకపోయావు కదా అని నా చెయ్యే నన్ను అడిగింది. కాగితం మడిచి పెట్టేశాను. మీ బావగారు రాస్తూనే ఉన్నారు. "చెల్లి నీకు నమస్కారాలు చెప్పమంది" అని కూడా ప్రతిసారీ రాస్తున్నారు. ఆయన అక్షరం ఒక్కటి వంకర పోదు. నా పేరు మీద మాత్రం ఏమీ రాయవద్దని గట్టిగా చెప్పాను. నేను బతికి ఉండి ఆ అబద్ధంలో కాలుపెట్టలేను. ఆయన సరేనన్నారు. ఇద్దరం ఒకళ్ళకొకళ్ళం సరేనంటూ బతుకుతున్నాం.

కన్నపిల్లవాడికి అబద్ధం రాయడమంటే ఎలా ఉంటుందో నీకు తెలియదులే ప్రభా. నీకు పిల్లలు లేరు.

అక్క


తాడేపల్లిగూడెం,
5 నవంబరు 1936

అక్కకు ప్రభావతి నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. పాకం సంగతి తెలిసింది. చివరి మాట కూడా తెలిసింది.

మొదటి వాయి గట్టిపడింది. రెండోసారి బియ్యం నానబోసి, నోరు మూసుకుని, ఎవరితోనూ కబుర్లాడకుండా పొయ్యి దగ్గరే కూర్చుని చేశాను. చక్కగా వచ్చాయి. మా అత్తగారు ఒకటి నోట్లో వేసుకుని, ఇవి మీ అక్క పంపిందా అని అడిగారు. అంతకంటే సాక్ష్యం అక్కరలేదనుకుంటాను. మాడినవి, విరిగినవి మేం ఉంచుకున్నాం. ఎర్రగా, గుండ్రంగా, ఒకే తీరుగా ఉన్నవాటిని ఏరి ఏరి డబ్బాలో పేర్చాను. వరసకీ వరసకీ మధ్య అరిటాకు వేశాను. వాడి స్నేహితులు చూసినా మీ ఇంటి పేరు పోదు. మీ మరిదిగారు డబ్బాకు గుడ్డ కుట్టి, చేతిరాత తెలియకుండా అచ్చక్షరాల్లాగా చిరునామా రాసి, తనే దగ్గరుండి పార్సెలు బండిలో ఎక్కించారు.

నాకు పిల్లలు లేరు కాబట్టి ఇలాంటివి తెలియవు. అందుకే నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశాను, నా సొంత తెలివి ఎక్కడా వాడలేదు.

ఇక్కడ అందరూ కులాసా.

ప్రభావతి


మండవల్లి,
10 నవంబరు 1936

ప్రభా,

నీ ఉత్తరంలో "ప్రభ" బదులు "ప్రభావతి" అని సంతకం ఉంది. ఎందుకా అని ఆలోచించి, నేనేం రాశానో గుర్తు చేసుకోవడానికి ఒక పూట పట్టింది. అది నిన్ను పొడవడానికి రాసిన మాట కాదు. నీకు ఈ బాధ లేదు, అదృష్టవంతురాలివి అనుకుని రాశాను. రాసినప్పుడు అది మంచిమాటగానే తోచింది. ఇప్పుడు నా నోట్లోంచి మాట వస్తే అది మెత్తనిదో గట్టిదో నాకు తెలియడం లేదు. మొన్న ఏసోబు పెళ్ళాం యేసమ్మ ఏడుస్తూ వచ్చి ప్రసూన లంగాలేమైనా ఉంటే తన కూతురికిమ్మని అడిగితే, చింత బద్దలు ఎండబోస్తూ, "పెట్టెలో ఉన్నాయి, అన్నీ తీసుకుపో" అన్నాను. అది తీసుకుపోయింది. మీ బావగారు సాయంత్రం పెట్టె తెరిచి చూసి నాతో అన్నం దగ్గర మాట్లాడలేదు. ఆయనకు కోపమొచ్చిందని మర్నాటికి గానీ నాకు తెలియలేదు.

ఆ పిల్ల నిన్న మా పెరట్లోంచి ఆ లంగా వేసుకుని పోయింది. చూశాను. బాగుంది దానికి.

ఇదంతా రాస్తున్నది నన్ను క్షమించమని కాదు. నేనెలా ఉన్నానో నీకైనా తెలియాలని. నాకు ఇంక మిగిలింది వాడొక్కడు. వాడిముందు నేను ఇలాగే చింత బద్దలు ఎండబోస్తూ చెప్పేస్తానేమోనని భయం. వాడు నన్ను జన్మలో క్షమించడు. డిసెంబరు వద్దే వద్దని ఉంది.

మేలైనవే ఏరి పెట్టావన్నావు, సంతోషం. వాడికి అందిందో లేదో రాయి. ఇంకోసారి "ప్రభ" అని సంతకం చెయ్యి.

అక్క


తాడేపల్లిగూడెం,
16 నవంబరు 1936

అక్కా,

ముందుగా, నాకు కోపం లేదు. కోపం ఉన్నా ఇవాళ దానికి తీరిక లేదు.

నాగేశ్వరరావు దగ్గరనుంచి ఇప్పుడే కార్డు వచ్చింది.  అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"పిన్నీ, డబ్బా పండుగనాడు విప్పాను. అరిసెలు నువ్వు చేసినవి. అమ్మ పంపే డబ్బాలో అడుగున ఎప్పుడూ నల్లగా మాడినవి కొన్ని ఉంటాయి. ఆఖరి వాయి పొయ్యిమీద ఉండగా దూడని విప్పడానికి వెళ్ళిపోతుందిగా. నా స్నేహితులకు మంచివి పెట్టి, అవి నేను దాచుకుని తింటాను. ఇందులో ఒక్కటీ మాడలేదు. మా ఇంట్లో మూకుడు ఎందుకు పెట్టలేదో నాకు తెలిసింది. నాన్న నా పరీక్షల కోసమే దాచి ఉంటారు. నువ్వు కూడా దాచావు. నీమీద కోపం లేదు. వార్డెన్ గారి సెలవు దొరకగానే బయలుదేరుతున్నాను."

ఇంతే. ఎవరని రాయలేదు. పాపం, ఆ పేరు రాయడానికి చెయ్యి రాలేదు కాబోలు. కార్డు మీద సిరా అక్కడక్కడ అలుక్కుపోయి ఉంది.

అక్కా, నా మూలంగానే తెలిసిపోయింది. నువ్వు మాడ్చిన అరిసెలు నువ్వు పంపుతావని నాకేం తెలుసు! వాడికి మంచివే వెళ్ళాలని మాడినవన్నీ ఇక్కడ మేం నమిలాం. అంత శ్రద్ధ చెయ్యకపోతే బాగుండేది. తంతి ఇద్దామా అన్నారు మీ మరిదిగారు. వద్దన్నాను. మీ ఇంటికి తంతి వస్తే ఊరు ఊరంతా గుమ్మంలో నిలబడుతుంది.

కానీ ఒకందుకు మంచిదే అనిపిస్తోంది. నీ నోటితో చెప్పవలసిన పని తప్పింది. వాడు తెలిసే వస్తున్నాడు. ఏడవవలసింది దారిలో ఏడ్చేసి వస్తాడు. నువ్వు వాడికి కాస్త వేడి అన్నం పెట్టి పక్కన కూర్చుంటే చాలు. డిసెంబరు గురించి భయపడక్కరలేదింక.

ప్రభ


మండవల్లి,
20 నవంబరు 1936

ప్రభా,

బుధవారం పొద్దున నీ ఉత్తరం వచ్చింది, మధ్యాహ్నం వాడు వచ్చాడు.

నువ్వు రాసింది చదివి, సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఊపిరి పీల్చుకున్నాను. తెలిసే వస్తున్నాడు, నేను నోరు విప్పక్కరలేదు అనుకున్నాను. అన్నం వండి, గోంగూర పచ్చడి నూరి, పెరట్లో కూర్చుని మినుములు చెరుగుతున్నాను. సావిట్లో సంచి పడిన చప్పుడైంది. తలెత్తితే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ముఖం వాచిపోయి ఉంది, గడ్డం మాసి ఉంది. నన్ను చూసి అలాగే కాసేపు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

తరవాత నవ్వాడు ప్రభా.

వచ్చి చేటతో సహా నన్ను పట్టుకుని నవ్వుతాడు, ఊపేస్తాడు. మినుములన్నీ నేలపాలు. పిల్లవాడికి మతి చలించిందనుకున్నాను. "అమ్మా, నువ్వున్నావే! నువ్వున్నావే అమ్మా!" అంటాడు. నా చెయ్యి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే నొక్కి చూస్తాడు.

వాడికి తెలిసింది ఏమిటో అప్పుడు అర్థమైంది నాకు.

"నీ చేతిరాత ఒక్క ముక్క లేదు. నాన్న రాసినప్పుడల్లా చెల్లాయి నమస్కారాలు చెప్పమందంటారు, నీ ఊసే ఎత్తరు. పిన్నేమో నీకు చేలపనులని రాసింది. నువ్వెప్పుడు చేలకెళ్ళావే! ఇంక మూకుడు పెట్టలేదంటే, మరి ఎవరనుకోనమ్మా?" అన్నాడు. అబద్ధంలో కాలుపెట్టనని నేను బిగదీసుక్కూర్చున్నానా, ఆ కూర్చోవడమే నన్ను చంపి వాడికి చూపించింది. మీ ఇంట్లో మాడిన అరిసెల తప్పు ఇందులో ఏమీ లేదు. తప్పంతా నాది.

ఆకలి ఆకలి అన్నాడు. పండుగనాటి నుంచి సరిగ్గా తినలేదట. పీట వేసి విస్తరి వేశాను. తింటూనే ఉన్నాడు, చెబుతూనే ఉన్నాడు. "బండిలో చెల్లాయి గురించే ఆలోచించానమ్మా. అది తల్లిలేని పిల్లయిపోయింది, నాన్నకు జడ వెయ్యడమైనా రాదు, చదువు మానేసి వచ్చి నేనే చూసుకోవాలనుకున్నాను. ఏదీ అది? సుబ్బలక్ష్మి వాళ్ళింటికి పోయిందా? నేనొచ్చానని కబురు పంపు" అన్నాడు. మీ బావగారు వీధిలోంచి వచ్చి, ఆ నవ్వు విని, చెప్పులు విప్పకుండానే మళ్ళీ వీధిలోకి వెళ్ళిపోయారు.

నేను మారు వడ్డించాను. అన్నం మీద నెయ్యి వేశాను. ఈ ఇంట్లో ఒక మనిషి నవ్వి ఎన్నాళ్ళయిందో. ఇంకొక ముద్ద తిననీ, ఇంకొక ముద్ద తిననీ అనుకుంటూ చూస్తూ ఉండిపోయాను. పచ్చట్లో ఉప్పు తక్కువైందన్నాడు. ఉప్పు వేశాను. మజ్జిగ పోస్తూ చెప్పాను. ఎలా చెబుతానోనని భయపడ్డానో అలాగే చెప్పాను, పచ్చట్లో ఉప్పు గురించి చెప్పినట్టే. ఏ రోజు జ్వరం వచ్చింది, ఏలూరునుంచి ఏ డాక్టరు వచ్చాడు, ఆఖరున ఏం మాట్లాడింది, అన్నీ చెప్పాను.

వాడు విస్తట్లో చెయ్యి అలాగే ఉంచి కూర్చున్నాడు. మెతుకులు వేళ్ళకు ఎండిపోయాయి. నేనే చెంబుతో నీళ్ళు తెచ్చి చెయ్యి కడిగాను, చిన్నప్పుడు కడిగినట్టు. "ఇంతసేపూ నేను నవ్వానేమిటమ్మా" అన్నాడు. నామీద కోప్పడలేదు. తండ్రి మీదా కోప్పడలేదు. కోప్పడతాడని, అరుస్తాడని, మళ్ళీ ముఖం చూడనంటాడని ఇన్నాళ్ళూ భయపడ్డాను. అందులో ఏది చేసినా బాగుండేది.

ఇవాళ్టికీ నోరు విప్పలేదు. వాల్తేరునుంచి మండవల్లి దాకా నాకోసం ఏడ్చుకుంటూ వచ్చాడు ప్రభా. ఉన్నదంతా నాకు ఖర్చుపెట్టేశాడు, చెల్లెలికి ఏమీ మిగల్లేదు. పిలిస్తే వస్తాడు, పెడితే తింటాడు, నా పక్కన కూర్చుని మినుముల్లో రాళ్ళు ఏరుతున్నాడు. అచ్చం నాలాగే అయిపోయాడు. ఇన్నాళ్ళూ నన్ను చూసి జనం ఎందుకు అలా కళ్ళు తిప్పుకునేవారో వాణ్ణి చూస్తే తెలిసింది.

నువ్వు రా. మీ అత్తగారిని నేను అడిగానని చెప్పి, దొరికిన బండికి బయలుదేరు. పిండివంటలేమీ తేకు. మా ముగ్గురిలో ఒక్కరికీ ఏడుపు రావడం లేదు. నువ్వు వచ్చి గుమ్మంలో నిలబడి దాన్ని పేరుపెట్టి పిలిచి గట్టిగా ఏడువు. నువ్వు మొదలుపెడితే వాడు అందుకుంటాడేమో.

అక్క